అర నిమిషం కోపం

దుకాణం తెరిచేనాటికి నా చేతిలో ఉన్నవి స్క్రూడ్రైవర్ల పెట్టె, నాలుగు పాత కెమెరాలు, బేరంలో తగ్గని నోరు. మా ఆయన చేతిలో ఏమీ లేదు. చెయ్యి మాత్రం ఉంది. కెమెరాలు, అవి తీసిన వీడియో దాచే రికార్డర్ డబ్బాలు అమ్ముతాం. సరుకు తెచ్చేది, బిగించేది, పాడైతే నిచ్చెన ఎక్కేది నేను. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆయన. కింద దుకాణం, పైన ఇల్లు. ఇంట్లో ఆయన మొహం చిట్లిస్తే చాలు, నాకు రేటు తెలిసిపోయేది. ఉప్పు తగ్గితే చెంప, గొంతు లేస్తే జుట్టు. కొనేవాడి ముందు ఆయన చెప్పిన ధర సరిదిద్దినందుకు ఒకసారి ఇనప ర్యాకు అంచు. ఆ దెబ్బకి ఎడమ చెవి వినికిడి పోయింది. "వాడికి కోపమొస్తే ఒళ్ళు తెలీదమ్మా. నువ్వే చూసుకుని మసులుకోవాలి," అన్నారు అత్తగారు, నా చెవిలోంచి కారుతున్న రక్తం తన కొంగుతోనే తుడుస్తూ. మసులుకున్నాను. గొంతు తగ్గించాను, నవ్వు తగ్గించాను, తలుపులు చప్పుడు లేకుండా వేయడం నేర్చుకున్నాను.

పోలీసుల దగ్గరికి వెళ్తానంటే బావగారు నవ్వారు. "ఊరందరికీ సాక్ష్యాలు అమ్ముతావు, నీ దగ్గర ఒక్కటీ లేదా?" అన్నారు. వెటకారమే అయినా మాట సరైనదే. సరుకు పరీక్షించాలనే వంకతో వంటింట్లో కెమెరా బిగించి, డబ్బా కూడా అక్కడే పెట్టాను. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంచుకున్నాను. కొన్నాళ్ళు ఇల్లు చల్లగా ఉంది.

ఇంతలో మా దగ్గర కెమెరా, డబ్బా కొన్న బట్టల కొట్టాయన దుకాణానికి వచ్చి గొడవ పెట్టుకున్నాడు. వాళ్ళ కొట్లో పడ్డ దొంగ పోతూ పోతూ డబ్బా కరెంటు వైరు పీకాడట. పీకడానికి ముందు అర నిమిషం వీడియో లేనే లేదట. ఆ ఫిర్యాదు విన్నది మా ఆయన. ఆ వారమే దెబ్బలు మళ్ళీ మొదలయ్యాయి, కొత్త పద్ధతిలో. కొట్టడం, వెంటనే వైరు పీకడం. ఎంత కోపమైనా అర నిమిషంలో తీరిపోయేది. తరవాత డబ్బా తెరిచి చూస్తే ఫైళ్ళు ఉండేవి. పేర్లు, వేళలు అన్నీ సరిగ్గా ఉండేవి. లోపల సున్నా. "వైరు వదులైందేమో చూసుకో," అనేవాడు తాపీగా.

మా డబ్బాలకి ప్రోగ్రాం రాసిచ్చే అమ్మాయికి ఫోన్ చేశాను. "అక్కా, సేవ్ అయిందని డబ్బా చెప్పినప్పుడు వీడియో ఇంకా కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలోనే ఉంటుంది. ఫలానా ఫైలు పుట్టిందని మాత్రం డిస్కు మీద జర్నల్ అనే చిట్టాలో ముందే రాసుకుంటుంది. అందుకే కరెంటు పోయినా పేర్లు చెదరవు. లోపలిది తీరిగ్గా దిగుతుంది," అంది. నాకు అర్థమైంది. లారీ ఇంకా దారిలో ఉండగానే గుమాస్తా సరుకు చేరిందని రాసేస్తున్నాడు. చేరేదాకా ఆగమనలేవా అన్నాను. ఎఫ్‌సింక్ అని ఒక ఆజ్ఞ ఉందట. అది ఇస్తే, ముట్టిందని డిస్కు చెప్పేవరకూ ప్రోగ్రాం ముందుకు కదలదట. కొత్త ఫైలైతే అది ఉన్న ఫోల్డర్‌కి కూడా ఆ ఆజ్ఞ ఇవ్వాలట.

"కానీ అక్కా, క్షణక్షణం అలా చేస్తే డిస్కు తొందరగా అరిగిపోతుంది."

"అరగనీ. నా ఎముకల కన్నా డిస్కు చవక."

ఆ సాయంత్రమే ప్రోగ్రాం మార్చి పంపింది. రాయకుండానే రాశానని బొంకే డిస్కులుంటాయి జాగ్రత్త అంది, డిస్కు మార్చాను. ఆయన లేనప్పుడు నేనే వైరు పీకి పీకి చూశాను. ప్రతిసారీ పీకిన క్షణం దాకా వీడియో ఉంది. బట్టల కొట్టాయన డబ్బా కూడా వెళ్ళి బాగుచేసి వచ్చాను. ఏం మార్చానో ఇంట్లో చెప్పలేదు.

అదే తప్పయింది. మధ్యాహ్నం పొయ్యి వైపు తిరిగి గిన్నె దించుతుంటే, వాడి కొట్టుకి నన్నడక్కుండా ఎందుకెళ్ళావన్నాడు మా ఆయన వెనక నుంచి. అమ్మింది నేను కాబట్టి అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తరవాత నన్ను తిప్పి కడుపులో మోకాలు దించాడు. పక్కకి ఒరిగితే నోరు వంటగట్టుకి కొట్టుకుంది. పన్నొకటి ఊడి నాలుక మీద పడింది. జుట్టు పట్టి లేపి అదే గట్టుకి మళ్ళీ కొట్టాడు. వైరు పీకాడు. చేతులు కడుక్కుని దుకాణంలోకి దిగాడు.

నెత్తురు ఉమ్మేసి, అత్తగారిని పిలిచి, డబ్బా మళ్ళీ వెలిగించి చూపించాను. తెర మీద నేను వీపు తిప్పి ఉన్నాను. నా వెనక ఆయన కిటికీ మూశాడు. గట్టు మీదున్న తన కాఫీ కప్పు పగలకుండా తీసి అలమరలో పెట్టాడు. వైరుకి అడ్డంగా ఉన్న కుర్చీ పక్కకి జరిపాడు. గడియారం చూసుకున్నాడు. అప్పుడు నన్ను తిప్పాడు.

"కప్పు తీసి పెట్టాడే," అన్నారు అత్తగారు. నేను డిస్కు ఊడదీస్తుంటే నన్ను ఆపలేదు.

పోలీసు స్టేషను మెట్ల మీద నిలబడి లెక్క చూసుకున్నాను. పోయినవి చెవి, పన్ను, ఎన్నో ఏళ్ళ నిద్ర. ఆయన కోపాన్ని రేపేది నేనేననుకుని, ఆ కోపానికి నా గొంతు, నా నవ్వు, నా నడక వాయిదాల మీద కడుతూ వచ్చాను. ఆయనకి ఎన్నడూ కోపం రాలేదు. నాకు దక్కిన లాభం అది తెలియడమొక్కటే. ఇక కట్టక్కర్లేదు.