మూడో గంట తర్వాత

శిబిరం మొదటి రోజు శేషగిరి మాస్టారు బల్ల మీద ఇత్తడి గంట ఒకటి పెట్టి, నాటక శిక్షణకు వచ్చిన యువతీయువకులకు ఒక నియమం చెప్పారు.

"మూడో గంట కొట్టాక స్టేజీ మీద పాత్ర తప్ప మనిషి ఉండకూడదు. మంత్రిగారైనా సరే, మీ నాన్నగారైనా సరే."

మర్నాడు, వాళ్ళలో ఒకడైన కిరీటికి తను ఉండే బేర్ సరాయ్‌లో ఆటో దొరకలేదు. అతను వచ్చేసరికి మూడో గంట కొట్టేశారు. మాస్టారు అతన్ని ఆ పూటంతా వరండాలో కూర్చోబెట్టారు. కిరీటి ఎదురు చెప్పలేదు. ఆ తర్వాత రోజూ అందరికంటే ముందు వచ్చి లైట్ల బోర్డు దగ్గర కూర్చునేవాడు.

శిబిరాన్ని దేశ రాజధానిలో ఆర్.కె. పురంలోని తెలుగు సంఘం నడిపింది. చండీగఢ్, జైపూర్, భోపాల్ తెలుగు సంఘాలు కూడా తమ పిల్లల్ని పంపాయి. శిక్షణ, పరస్పర పరిచయాలు, చివరి రోజు ప్రదర్శన అని పిలుపులో ఉంది. పది రోజుల్లో వాళ్ళు నలభై నిమిషాల నాటకం తయారుచేశారు. నీళ్ళ ట్యాంకర్ కోసం జనం వరసలో నిలబడడం అందులో కథ. ఎవరి కాలనీలో జరిగింది వాళ్ళు చెప్పారు. వాటిని కూర్చి రాసిందీ, ఆడించిందీ ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో పెరిగిన భవ్యశ్రీ. ముఖ్య పాత్ర భోపాల్ నుంచి వచ్చిన చాందినిది. చివరి రోజు రాత్రి రైలుకి ఆమె ఎనిమిదింటికి హాలు నుంచి బయల్దేరాలి. మిగిలినవాళ్ళు మర్నాడు ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ సాయంత్రం ఆడకపోతే ఆ నాటకాన్ని ఇక ఎవరూ చూడరు.

ఆహ్వానపత్రంలో నాటకం ఆరున్నరకి. ఏడు గంటలకి వేదిక మీద తొమ్మిది మంది అతిథులు ఉన్నారు. ఒక్కొక్కరికీ పరిచయం, పూలగుత్తి, శాలువా, జ్ఞాపిక, ఫొటో, ఆ పైన ప్రసంగం. అప్పటికి నలుగురివి అయ్యాయి. ఐదోవారు ఇందిరాపురంలో అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డరు. బ్యానరు ఖర్చు ఆయనది. బ్యానరులో ఆయన ఫొటో శిబిరం పేరు కంటే పెద్దది.

"యువతరానికి వేదిక ఇవ్వాలి," అన్నారాయన మైకులో.

యువతరం పక్క తెర వెనక బకెట్లు పట్టుకుని నిలబడి ఉంది.

సంఘం అధ్యక్షులు కేశవరావు తెర వెనక్కి వచ్చారు. భవ్యశ్రీ ఆయనకి అడ్డం వెళ్ళింది.

"అంకుల్, చాందిని ఎనిమిదికి వెళ్ళిపోవాలి. ఇప్పుడు మొదలుపెడితేనే అవుతుంది."

"ట్రైన్ సంగతి ముందే చూసుకోవాలి కదమ్మా."

"కార్డులో ఆరున్నర అని మీరే వేశారు కదా."

"కార్డులో వంద వేస్తాం. ఒక పని చెయ్యండి. అందరూ వేషాలతో పైకొచ్చి గ్రూప్ ఫొటో దిగండి. ఠీక్ హై? పేపర్లో వేయిస్తాను."

"అంకుల్, హమ్ ఫొటో కే లియే ఆయే థే క్యా? ఫొటో కోసమా మేం వచ్చింది?" అంది చాందిని.

"బేటా, నెట్‌వర్కింగ్ అంటే ఇదే. ఆ తొమ్మిది మందితో పరిచయమైతే మీకే మంచిది."

"వాళ్ళకి మాలో ఒక్కరి పేరైనా తెలుసా అంకుల్?" అన్నాడు కిరీటి.

"నీకు నోరెక్కువ," అని కేశవరావు వేదిక మీదికి వెళ్ళిపోయారు.

మాస్టారి కుర్చీ వరస చివర, తెర పక్కనే ఉంది. ఆయన భుజాల మీద శాలువా ఉంది. భవ్యశ్రీ కుర్చీ వెనక వంగి అడిగింది.

"మాస్టారూ, మీరొక్క మాట చెప్పండి. మీరు చెప్తే వింటారు."

"కాస్త ఓపిక పట్టమ్మా. వీళ్ళు లేకపోతే శిబిరమే లేదు."

"మేము లేకపోతే?"

మాస్టారు సభ వైపు చూస్తూ చప్పట్లు కొట్టారు.

భవ్యశ్రీ వెనక్కి వచ్చి గంట చేతిలోకి తీసుకుంది. కిరీటి బోర్డు దగ్గరికి వెళ్ళాడు.

"మూడో గంటకి లైట్లు, మైకు తీసెయ్యడం నా పని," అన్నాడు. "నేను అదే చేస్తా. ఎవరున్నారో చూడను."

ఆమె మొదటి గంట కొట్టింది. బిల్డరు అది తనకి టైము గుర్తుచేస్తున్న గంట అనుకున్నారు.

"రెండే ముక్కలు," అన్నారు.

రెండో గంట కొట్టింది.

"ఆఖరి మాట," అని మరో కాగితం తీశారు.

మూడో గంటకి మైకు ఆగింది. లైట్లు ఆరిపోయాయి.

"కరెంటు పోయింది, కంగారు పడకండి," అని కేశవరావు గట్టిగా అన్నారు. అతిథులు ఫోన్ల వెలుగులో మెట్లు వెతుక్కుని దిగారు. కరెంటు పోలేదని మాస్టారికి తెలుసు. ఆయన దిగలేదు.

స్టేజీ మీద దీపం వెలిగింది. చాందిని రెండు బకెట్లతో వచ్చింది. వరస మొదలవ్వాల్సిన చోట మాస్టారు కూర్చుని ఉన్నారు. ఆమె ఆయన ముందు బకెట్లు దించి, రాసి ఉన్న మొదటి మాటే అంది.

"లైన్లో రండి బాబుగారూ. పొద్దుట్నుంచి మేమున్నాం ఇక్కడ."

హాలు నవ్వింది. మాస్టారు లేచి, కుర్చీ తనే ఎత్తుకుని తెర వెనక్కి వచ్చారు.

"నా గంటతో నన్నే దింపావు," అన్నారు.

"కిరీటిని వరండాలో కూర్చోబెట్టిన గంటే మాస్టారూ," అంది భవ్యశ్రీ.

ఆయన శాలువా తీసి చేతిలో పట్టుకున్నారు.

నాటకం కోత లేకుండా అయింది. చాందిని రంగు కడుక్కోకుండానే ఆటో ఎక్కింది.

కేశవరావు సర్టిఫికెట్ల పెట్టెతో భవ్యశ్రీ దగ్గరికి వచ్చారు.

"ముందు స్టేజీ ఎక్కి సారీ చెప్పు. తర్వాతే ఇవి."

"చెప్తాను అంకుల్."

భవ్యశ్రీ మైకు ముందుకి వెళ్ళింది. అతిథులు ముందు వరసలో ఉన్నారు. ఆమె వాళ్ళ వెనక వరసల వైపు చూసింది.

"ఆరున్నరకి రమ్మని ఏడుంబావుకి మొదలుపెట్టాం. మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెట్టినందుకు సారీ," అని దిగింది.

"నేను చెప్పమన్నది వాళ్ళకి కాదు," అన్నారు కేశవరావు.

"ఎదురుచూసింది వాళ్ళే అంకుల్."

ఆయన పెట్టె తీసుకెళ్ళి కారులో పెట్టించారు. పిల్లలు కుర్చీలు మడవడం మొదలుపెట్టారు.