పుక్కిలించిన నోరు

రోగం ఆమెదేనని తీర్పు చెప్పిన నోళ్లు మీవే. మొగుడివి నువ్వు, అత్తవి నువ్వు, ముఖం చిట్లించి "శుభ్రంగా ఉండాలమ్మా" అని సుద్దులు చెప్పిన డాక్టరువి నువ్వు! గర్భసంచి మూతికి క్యాన్సరని మొత్తం సంచే తీసేస్తే, ఇంటికొచ్చిన మూడో రోజునే ఆమె చేత అంట్లు తోమించింది మీరు కాదూ? "మా ఇంటావంటా లేని జబ్బు, ఎక్కణ్ణుంచి తెచ్చిందో!" అని అత్తగారు వచ్చినవాళ్లందరి దగ్గరా వాపోతుంటే, మొగుడుగారు పేపరు చాటున నోరు మూసుకుని కూర్చున్నాడు. అయిదేళ్లు.

ఆ నోరే ఇప్పుడు పరీక్షకి పనికొచ్చింది. మగవాళ్ల నోటికి సోకే వైరస్‌ని ఆపే టీకా పని చేస్తుందో లేదో చూస్తున్నారట. ఆ పరిశోధన చేసేవాళ్లు ఆఫీసుకొచ్చి అడిగితే ఆయన పేరిచ్చాడు. ఎంత మంచి మనసో అని అందరూ మెచ్చుకున్నారు. సూది పొడిపించుకోవడం, పుక్కిలించి సీసాలో ఉమ్మడం ఆయన వంతు. ఏడు రోజులు జ్వరం చూడటం, చెయ్యి ఎంత వాచిందో కొలవడం, అదంతా కార్డులో రాయడం ఆమె వంతు. ఆపరేషన్ అయ్యాక ఆమె నుదుటి మీద చెయ్యేసి చూసినవాడు లేడు.

ఈ పూట ఆ టీకావాళ్లిచ్చిన ఇంకో కాగితాల కట్ట ఆమె ముందు పడేశాడు. "నువ్వే నింపెయ్. నీకు తెలీనిదేముంది?"

పొయ్యి మీద పాలు పెట్టి మొదటి పేజీ చదివింది. ఆడవాళ్ల గర్భసంచి మూతికి క్యాన్సర్ తెచ్చేది కూడా ఈ వైరసేనట. కలయికలో అంటుకుంటుందట. ఏళ్ల తరబడి బయటపడకుండా ఉంటుందట. ఆమె ఎరిగిన మగాడు ఒక్కడే.

"ఇప్పటిదాకా ఎంతమంది ఆడవాళ్లతో, అని అడిగారు. ఏం రాయను?" వంటింట్లోంచి కేకేసింది.

అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు ఆయన. "పెళ్లికి ముందు లెక్కా, తర్వాతది కూడానా?"

సబ్బు నురగ మధ్య ఆ నోరు టక్కున ఆగిపోయింది.

"ఛ, ఊరికే అన్నాన్లే. ఒకటని వేసెయ్."

ఆమె వెయ్యలేదు. పొయ్యి కట్టేసింది. హాల్లో అత్తగారి ముందుకి బల్ల ఈడ్చి, కాగితం, పెన్ను దాని మీద పెట్టింది.

"పొద్దున్నే ఏంటే ఈ గోల?"

"ఎక్కణ్ణుంచి తెచ్చిందో అన్నారుగా అత్తయ్యా. మీ అబ్బాయి చెబుతారు, వినండి."

"పిచ్చి గానీ పట్టిందా నీకు?" సగం గీసిన గడ్డంతో పరిగెత్తుకొచ్చాడు ఆయన.

"కూర్చోండి. మీ చేత్తో మీరే రాయండి. అత్తయ్యకి వినబడేలా చదువుతూ రాయండి. ఆ తర్వాత, రోగం నాదేనని ఎవరెవరికి చెప్పారో వాళ్లందరికీ తల్లీకొడుకులిద్దరూ ఫోన్ చేసి ఆ అంకె చెప్పండి. ఇప్పుడే."