కూర్చోండి మేడమ్

నేను ఒక స్టూలును. ఇనుప కాళ్ళు, ఎర్ర రెగ్జిన్ సీటు. విజయనగరంలోని ఒక వెల్డింగ్ షాపులో పుట్టాను. నన్ను అతికినవాడికి ఏం తొందర వచ్చిందో ఏమో, నా నాలుగు కాళ్ళలో ఒకటి కాస్త పొట్టిదైపోయింది. అందుకే పక్కన ఎవరైనా గట్టిగా నడిచినా టకటకలాడతాను. కుదురుగా ఉండటం నాకు పుట్టుకతోనే రాలేదు.

నన్ను కొన్నది ఊళ్ళోని ఒక పెద్ద బట్టల షోరూము. చీరల ఫ్లోరులో పెట్టి, మొదటి రోజే నియమం చెప్పేశారు. స్టూళ్ళు కస్టమర్లకే. సేల్స్ అమ్మాయిలు షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా నిలబడాల్సిందే. వాళ్ళు కూర్చుంటే కొనేవాళ్ళకు షాపు మీద గౌరవం పోతుందట. ఈ సంగతి కనిపెట్టిన మహానుభావుడు మాత్రం ఏ మెత్తటి కుర్చీలోనో కూర్చునే కనిపెట్టి ఉంటాడు.

నా మీద కూర్చునేది ఎక్కువగా భర్తలు. భార్యలు చీరల కోసం వస్తే వాళ్ళు నా కోసం వచ్చేవారు. భర్తలు లేనప్పుడు హ్యాండ్‌బ్యాగులు కూర్చునేవి, గొడుగులు కూర్చునేవి. ఒకసారి ఎవరో బజారు చేసుకుని వస్తూ తెచ్చిన పనసకాయ నా మీద గంటసేపు దర్జాగా కూర్చుంది. ఎదురుగా నిలబడ్డ అమ్మాయిలు దాన్ని చూసి కుళ్ళుకున్నారంటే నమ్మండి.

ఆ అమ్మాయిల్లో నూకరత్నం ఒకతె. గజపతినగరం దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. పేరు పొడుగైందని బ్యాడ్జీ మీద 'రత్న' అని కత్తిరించారు. మాట కూడా కత్తిరించారు. ఎవరో పెద్దావిడను 'కూకోండమ్మా' అన్నందుకు మొదటి వారంలోనే చీవాట్లు తింది. 'కూర్చోండి మేడమ్' అని అద్దం ముందు నిలబెట్టి వల్లె వేయించారు. ఇక రోజంతా అదే మాట, తనకు మాత్రం పనికిరాని మాట. ఎవరూ చూడనప్పుడు నా మీద అరచెయ్యి ఆనించి, ఒక కాలికి కాసేపు విశ్రాంతి ఇచ్చేది. తర్వాత రెండో కాలికి. ఆ అరచేతి బరువు నాకు బాగా తెలుసు.

ఆమెకు పని నేర్పింది నరసమ్మ, ఆ ఫ్లోరులో అందరికన్నా పాతమనిషి. రత్న ఆమెను 'అప్పా' అనేది. మా వైపు అక్కను అలాగే పిలుస్తారు. నరసమ్మ పిక్కల మీద నరాలు ఉబ్బి, నీలంగా మెలికలు తిరిగి ఉండేవి.

"నాను మేనేజర్నయితే, మొట్టమొదట నిన్ను కూకోబెడతానప్పా" అనేది రత్న, చీరలు మడతపెడుతూ.

నరసమ్మ నవ్వి ఊరుకునేది.

రత్న ఊరుకోలేదు. బస్సులో నిలబడే పుస్తకాలు చదివి, రిటైల్ మేనేజ్‌మెంట్‌లో డిప్లొమా సంపాదించింది. ట్రైనీ ఫ్లోర్ మేనేజరై, నల్లకోటు తొడుక్కుంది. ఆషాఢం తగ్గింపు అమ్మకాలు ముగిసేలోపు పైవాళ్ళకు నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే కోటు తిరిగి ఇచ్చేయాలి.

ఆ రోజు నుంచి ఆమె నాకంటే అధ్వాన్నమైపోయింది. ఒక్కచోట నిలవదు. మడత చెదిరిన చీర దగ్గర ఆగుతుంది, అంతలోనే పైనున్న కెమెరా వంక చూస్తుంది, మళ్ళీ ఇంకో కౌంటరుకు పరుగు. నా మీద చెయ్యి వేయడం మానేసింది. అది చాలదన్నట్టు వెనక వరుసలోని స్టూళ్ళన్నిటినీ మెట్ల కిందికి చేర్పించింది, అమ్మాయిలకు కూర్చోవాలన్న ఆశే పుట్టకుండా. నాకు ఒళ్ళు మండిపోయింది. నరసమ్మ మాత్రం దాని ఉద్యోగం దానిదిలే అని మిగతావాళ్ళకు సర్దిచెప్పింది.

ఆషాఢం చివర్లో హైదరాబాదు ఆఫీసు నుంచి సుధీంద్ర గారు వచ్చారు. ఖాయం చేయాల్సింది ఆయనే. మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఫ్లోరంతా తిరిగి చూసి, వచ్చి నా మీద కూర్చున్నారు. మంచి బరువైన మనిషి. రత్న ఎదురుగా నిలబడింది. అమ్మకాలు బాగున్నాయన్నారు, ఫ్లోరు పద్ధతిగా ఉందన్నారు, ఉద్యోగం ఖాయం చేసే ఆర్డరు ఈ వారంలోనే వస్తుందన్నారు. రత్న మొహం వెలిగిపోయింది. అప్పుడు ఆయన చూపు ర్యాకుకు చేరగిలబడ్డ నరసమ్మ మీద పడింది.

"కెమెరాలో కూడా చూశాను, ఆవిడ ఎప్పుడూ ఆనుకునే ఉంటుంది. ఇలాంటివాళ్ళను ఏరి పంపించెయ్యాలి. మేనేజరుగా మీరు మొట్టమొదట చేయాల్సింది అదే" అన్నారు, కాలు మీద కాలు వేసుకుని.

మొట్టమొదట. ఆ మాట దగ్గర రత్న మొహంలో వెలుగు ఆరిపోయింది. నరసమ్మ విననే విన్నది. గబుక్కున ర్యాకు వదిలి నిటారుగా నిలబడింది. రత్న కోటు గుండీ పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. అంత బరువు కింద కూడా నా పొట్టికాలు ఆగలేదు.

"సార్, ఒక్కసారి లేవండి" అంది చివరికి.

ప్యాంటుకు ఏ దారమో అంటుకుందనుకున్నారు కాబోలు, ఆయన లేచి వెనక దులుపుకున్నారు. రత్న నన్ను రెండు చేతులతో ఎత్తి తీసుకెళ్ళి కౌంటరు వెనక పెట్టింది.

"అప్పా, కూకో."

"వద్దే. నీ ఉజ్జోగం పోతాది" అంది నరసమ్మ గొంతు తగ్గించి.

రత్న ఆమె భుజాలు పట్టుకుని కిందికి వంచింది. ముందు సగం బరువే దిగింది, ఏ క్షణమైనా లేచిపోవడానికి. తర్వాత నెమ్మదిగా మొత్తం దిగింది. పనసకాయనూ భర్తలనూ మోసిన నాకు, నన్ను ఎందుకు చేశారో అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సుధీంద్ర గారు ఇంకా నిలబడే ఉన్నారు.

ఆర్డరు రాలేదు. నరసమ్మను తీసేస్తే మేమూ మానేస్తామని అమ్మాయిలంతా ఒక్కటయ్యారు. ముందు శ్రావణం పెళ్ళిళ్ళు ఉన్నాయి కనుక ఆమె జోలికి పోలేదు. రత్న చేత మాత్రం కోటు విప్పించి కింది గోడౌనుకు పంపారు. సీటు చిరిగిందని నన్నూ అక్కడికే విసిరేశారు.

ఇక్కడా ఆమెకు కుదురు లేదు. వేరే షోరూములకు దరఖాస్తులు పెడుతూనే ఉంది. పైన అడుగుల చప్పుడు వినబడితే తలెత్తి, పట్టుచీరల కౌంటరు దగ్గర జనం పెరిగారని తనలో తాను అనుకుంటుంది. ఫ్లోరు మీద ఆశ చావలేదు.

మధ్యాహ్నాలు సరుకు కోసం అమ్మాయిలు ఒక్కొక్కరే దిగి వస్తారు. వెతకాలి, టైము పడుతుంది, కూకోండి అంటుంది రత్న. నిన్న నరసమ్మ వచ్చి, నా మీద కూర్చుని, కాళ్ళు చాపుకుంది. రత్న ఆ చివరి అర నుంచి ఈ చివరి అర దాకా చాలాసేపు వెతికింది. నరసమ్మ అడిగిన చీరల కట్ట నా పక్కనే ఉంది.