సున్నా సార్ భద్రత పాఠం

మా నర్సింగ్ కళాశాల ప్రిన్సిపాల్‌గారి అసలు పేరు పిల్లల్లో సగంమందికి తెలియదు. అందరికీ ఆయన సున్నా సారే. ఆ బిరుదు ఆయన కష్టపడి సంపాదించుకున్నదే. ప్రయోగశాల గుమ్మం పక్కన బోర్డు పెట్టించి, ‘ఈ ఏడాది ప్రమాదాలు’ అని రాయించి, దాని కింద తాటికాయంత సున్నా చుట్టించారు. పొద్దున్నే వచ్చి దాన్ని జేబురుమాలుతో తుడిచిగానీ గదిలోకి వెళ్లరు. కన్నబిడ్డల ముక్కులైనా అంత శ్రద్ధగా తుడిచి ఉండరని నా నమ్మకం.

నేనక్కడ మొదటి ఏడాది పిల్లలకు ట్యూటర్ని. చేతులెలా కడుక్కోవాలి, గ్లవ్స్ మురికి అంటకుండా ఎలా విప్పాలి, తన నడుం పట్టేయకుండా రోగిని ఎలా లేపాలి, వాడిన సూదిని ఎక్కడ పారేయాలి, ఇవీ నేను చెప్పే పాఠాలు. సార్ దృష్టిలో ఇవన్నీ చిల్లర విషయాలు. ఆయన పాఠం చాలా పెద్దది. భద్రత మీద గంటసేపు అరచేతిలో వైకుంఠం చూపించి, చివర్లో ప్లాస్టిక్ బొమ్మకు ఇంజెక్షన్ ఇస్తారు. బొమ్మ మూలగదు, చెయ్యి విదిలించదు, కాబట్టి ఆయన ధైర్యానికి లోటుండదు. ఇంజెక్షన్ అయ్యాక సూదికి రెండు చేతులతో ఠీవిగా మూత పెడతారు. వాడిన సూదికి మూత పెట్టకూడదండీ, నేరుగా డబ్బాలో వెయ్యాలి అని నేనంటే, “ఇది బొమ్మేగా మేడమ్” అని నవ్వుతారు. పిల్లలు కూడా నవ్వుతారు, పాపం, నవ్వాలేమో అనుకుని.

తనిఖీ బృందం వచ్చిన రోజు మధ్యాహ్నం, వార్డు పక్కన దుప్పట్లు పెట్టే గదిలో పిచ్చుక కనిపించింది. మనిషి గుప్పెడు ఉంటుందని తోటిపిల్లలు పెట్టిన పేరది. నోట్లో నాలుక లేని పిల్ల. బీరువా వెనక కుక్కిన పేనులా నిలబడి, కుడిచేతి బొటనవేలిని ఎడమ గుప్పిట్లో దాచుకుంది.

“ఏమైందే?”

“ఏం లేదు మేడమ్.”

“ఏం లేకపోతే దుప్పట్లకు కాపలా దేనికి? చెయ్యి చూపించు.”

చూపించింది. చిన్న ఎర్రచుక్క, అంతే. వేలిని వెలుతురులోకి తిప్పి చూశాను.

“పొద్దున్న సిస్టర్ రక్తం తీశాక ట్రే సర్దమన్నారు మేడమ్. సూదికి మూత పెట్టబోయాను.”

“పెట్టొద్దని చెప్పానా లేదా?”

“చెప్పారు. సార్ పెడతారు కదా అని...”

“కడిగావా?”

“సబ్బుతో కడిగాను. పిండలేదు. నోట్లో పెట్టుకోలేదు. మీరు చెప్పినట్టే చేశాను మేడమ్.”

“వెంటనే పెద్దవాళ్లకు చెప్పమని కూడా చెప్పాను కదే.”

“సార్‌కి చెప్పాను.” ఇక ఏడుపు ఆగలేదు దానికి. “ఇలాంటి గీతలు అందరికీ పడతాయన్నారు. తనిఖీ అయ్యేదాకా నోరెత్తొద్దన్నారు. విషయం బయటికొస్తే బ్యాచ్ మొత్తానికి చెడ్డపేరు, అది నీవల్లే అన్నారు.”

ఆ రోగి రక్తంలో ఏముందో మాకెవరికీ తెలియదు. ఏమీ లేకపోవచ్చు. హెచ్‌ఐవీ లాంటిది ఉంటే మాత్రం, దాన్ని అడ్డుకునే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. ఆలస్యమైన కొద్దీ ఆశ తగ్గుతుంది, మరీ ఆలస్యమైతే ఆ మందు మింగినా ఒకటే, మానినా ఒకటే. ఈ సంగతి నాకు తెలుసు, ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్న ఆయనకూ తెలుసు. తెలిసే ఆ పిల్లను పూటంతా దుప్పట్ల మధ్య నిలబెట్టాడు. ఇక్కడిదాకా ‘చేశారు’, ‘అన్నారు’ అంటూ మర్యాదగా చెప్పుకొచ్చాను, ఈ ఒక్క వాక్యంలో నాకు మనసొప్పలేదు.

దాని మణికట్టు పట్టుకుని క్యాజువాలిటీకి లాక్కెళ్లాను. అక్కడ డాక్టర్ లేడు. సిబ్బంది నిండుగా కనిపించాలని ఆయన్ను కూడా తీసుకెళ్లి లెక్చర్ హాల్లో ముందు వరుసలో కూర్చోబెట్టారట. అత్యవసర విభాగం వైద్యుడు భద్రత మీద ఉపన్యాసం వింటున్నాడన్నమాట. ఇంతకన్నా భద్రత ఇంకెక్కడుంటుంది?

హాలు కిటకిటలాడుతోంది. అన్ని సంవత్సరాల పిల్లలూ ఇస్త్రీ యూనిఫాంలలో బిగుసుకుని కూర్చున్నారు. తనిఖీకి వచ్చిన పెద్ద డాక్టరమ్మ బిస్కెట్ టీలో ముంచుకుంటున్నారు. సార్ బల్ల ముందు నిలబడి, “భద్రత మాకు పాఠం కాదండీ, ప్రాణం” అంటున్నారు.

నేను తిన్నగా క్యాజువాలిటీ డాక్టర్ దగ్గరికి నడిచాను. “ఈ పిల్లకు పొద్దున్న వాడిన సూది గుచ్చుకుంది. మందు ఇంకా మొదలుపెట్టలేదు. మీరు లేవండి.”

మెల్లగా చెప్పడం నాకు చిన్నప్పట్నుంచీ రాదు.

“మేడమ్, తర్వాత మాట్లాడుకుందాం,” అన్నారు సార్, చిరునవ్వు చెదరకుండా.

“తర్వాత మీరూ నేనూ ఎంతైనా మాట్లాడుకోవచ్చు సార్. మందు మాత్రం అంతదాకా ఆగదు.”

“కొత్తపిల్ల. భయపడి గోరంతను కొండంత చేస్తోంది,” అని ఆయన డాక్టరమ్మకు నచ్చజెప్పబోయారు.

ఆవిడ బిస్కెట్ టీలోనే వదిలేసి లేచారు. “పొద్దున్న గుచ్చుకుంటే ఇప్పుడు తీసుకొస్తారా? డాక్టర్‌గారూ, ముందు ఆ పిల్లకు మందివ్వండి. రోగి రక్తం కూడా పరీక్షకు పంపించండి. మిగతావి మేం చూసుకుంటాం.”

క్యాజువాలిటీ డాక్టర్ లేచి, పిచ్చుక భుజం మీద చెయ్యివేసి బయటికి నడిపించాడు. అది తలుపు దగ్గర ఆగి, తప్పు చేసినదానిలా సార్ వంక చూసింది. దాన్ని చూస్తే నాకు జాలి వెయ్యలేదు, ఒళ్లు మండింది. అంత భయం ఒక్క రోజులో నేర్పితే వచ్చేది కాదు.

డాక్టరమ్మ పిల్లల వైపు తిరిగారు. “ఇంకెవరికైనా ఇలా జరిగిందా? మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. చేతులెత్తండి.”

ఎవరూ కదల్లేదు. సార్ కూడా పిల్లల వైపే చూస్తున్నారు మరి. కాసేపటికి మూడో ఏడాది పిల్ల ఒకతె చెయ్యెత్తింది. ఆ వెనక ఇంకో చెయ్యి లేచింది. తర్వాత గోడ పక్క వరుసలో, కిటికీ దగ్గర, నేను చేతులు కడుక్కోవడం నేర్పిన మొదటి ఏడాది బెంచీల్లో. ఒకరిది పోయిన నెల, ఒకరిది నిరుటి పరీక్షలప్పుడు. పిచ్చుకకు ఇంకా కాస్త వేళ మిగిలి ఉంది. వీళ్లెవరికీ లేదు. వీళ్లకిక రక్తపరీక్ష చేయించుకుని, ఫలితం కోసం ఎదురుచూడటమే.

సార్ మొహం పాలిపోయింది. నిజంగానే బాధపడుతున్నట్టు అడిగారు.

“మరి నాకెందుకు చెప్పలేదమ్మా?”

మొదట చెయ్యెత్తిన పిల్ల దాన్ని ఇంకా దించలేదు.

“మీకే చెప్పాం సార్,” అంది.