ఎర్ర గుర్తు పడ్డవాళ్ళు

సగం మడిచిన దుప్పటి అవతలి కొస నేలకు జారిపోయింది. దాన్ని పట్టుకున్న మనిషిని ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు చెరో రెక్కా పట్టుకుని గేటు వైపు నడిపించుకుపోతున్నారు. ఆమె దొంగతనం చెయ్యలేదు. ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. ఆ మాటకొస్తే నోట్లో నాలుక లేని పిల్ల. చేసిన నేరమల్లా కంపెనీ ఇచ్చిన ఫోనులో, కంపెనీ చెప్పినట్టే, మనసులో మాట రాసుకోవడం.

ఇవతలి కొస పట్టుకున్నది ఆమె పెద్ద తోడికోడలు. ఆ లాండ్రీలో అందరూ మడతలక్క అంటారు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు లారీల్లో వచ్చిపడే ఆ రేకుల షెడ్డులో, ఆవిరికి ముఖాలు ఉడికిపోతుంటే, ఈ తోడికోడళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి ఒకే బల్ల దగ్గర పనిచేశారు. ఒకరు లాగితే ఒకరు వదలాలి, ఒకరు వంగితే ఒకరు లేవాలి. ఇంట్లో కుళాయి దగ్గర కీచులాడుకునేవాళ్ళే. బల్ల దగ్గరికొస్తే మాత్రం ఇద్దరిదీ ఒకే ఊపిరి.

మడతలక్క దుప్పటి వదిలేసి వెంటపడింది. చిన్నదానికి ఏమైందని అడిగింది. ఇస్త్రీ సారు అడ్డం వచ్చాడు. షెడ్డు మేనేజరు ఆయన. ఆవిరికి అందరి బట్టలూ ఒంటికి అతుక్కుపోతుంటే ఆయన చొక్కా మాత్రం నలగదు, అందుకా పేరు. ఒంట్లో బాగాలేదు, విశ్రాంతికి ఇంటికి పంపిస్తున్నాం అన్నాడు. నేనూ వెంట వెళ్తానంది. షిఫ్టు అయ్యాక వెళ్ళమన్నాడు. దాని ముఖం బాగాలేదు, ఒక్కదాన్నే పంపొద్దు సార్ అని బతిమాలింది. ఆయన చెవిన వేసుకోలేదు. లారీ వచ్చే వేళయింది, బల్ల దగ్గరికి నడవమన్నాడు.

చిన్నది గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. మడతలక్కకు అదే ఆఖరి చూపు. షిఫ్టు అయ్యాక రొప్పుకుంటూ ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. ఎవరూ లేని ఆ కాసేపట్లోనే చిన్నది ప్రాణం తీసుకుంది.

ఆ ఫోను సంగతి చెప్పాలి. అంతకుముందే షెడ్డులో ఒకరిద్దరు ఇలా తమ ప్రాణం తామే తీసుకున్నారు. బట్టలు పంపే ఆసుపత్రుల వాళ్ళు ఇదేమిటని కంపెనీని నిలదీశారు. అప్పుడు కంపెనీ ఏం చేసింది? పని తగ్గించిందా? ఊపిరాడని షెడ్డుకు కిటికీ పెట్టించిందా? అబ్బే. అందరికీ తలా ఒక ఫోను ఇచ్చి, అందులో ఒక యాప్ ఎక్కించింది. దాని పేరు ఆత్మబంధువు. మీ బాధ దీనికి చెప్పుకోండి, అవతల చదువుకున్న సలహాదారులుంటారు, మీ మాట మూడో చెవిన పడదు అని సభ పెట్టి మరీ చెప్పారు. ఎవరైనా చావు మాట రాస్తే ఎర్ర గుర్తు పడుతుందట, వెంటనే ఒక మనిషి పలుకుతాడట. గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రూలు కూడా రాయించారు. ఎర్ర గుర్తు పడ్డవారిని ఒంటరిగా వదలరాదు, మిషను దగ్గర నిలబెట్టరాదు, సలహాదారు మాట్లాడేదాకా అధికారి పక్కనే కూర్చుని వారి బాధ వినాలి. తనిఖీకి వచ్చిన పెద్దమనుషులు ఆ గోడ ముందు ఫోటోలు దిగి వెళ్ళారు.

మొదట్లో జనం బంధువుతో వేళాకోళమాడారు. చెయ్యి కాలిందని రాస్తే గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటుంది. సారు బూతులు తిట్టాడని రాస్తే పూలతోట ఊహించుకోమంటుంది. పెళ్ళాం అలిగిందని రాసిన లారీ డ్రైవరుకీ పూలతోటే. కడుపుబ్బా నవ్వుకున్నారు. కానీ నవ్వే ఓపిక లేనివాళ్ళు నిజంగానే రాసుకున్నారు. చిన్నది పోయాక ఆమె ఫోనులో మడతలక్క చదివింది. కడుపులో బిడ్డ నిలవలేదు, పచ్చి ఒంటితోనే పనిలోకి రమ్మన్నారు, నాకు బతకాలని లేదు అని రాసి ఉంది. కింద బంధువు జవాబు: సలహాదారు మాట్లాడతారు, దయచేసి వేచి ఉండండి. పాపం పిచ్చిది, వేచి ఉంది. సలహాదారు రాలేదు. సెక్యూరిటీ వాళ్ళు వచ్చారు.

తర్వాత షెడ్డులో చిన్నదాని ఫోటో పెట్టి, అందర్నీ నిలబెట్టి మౌనం పాటించమన్నారు. ఆమె ఇంకాస్త ముందుగా ఆత్మబంధువును ఆశ్రయించి ఉంటే మన మధ్యే ఉండేది అన్నాడు ఇస్త్రీ సారు, గొంతు బరువు చేసుకుని. మడతలక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. వీణ్ణి ఆ వేడి రోలర్ల మధ్య పెట్టి ఒక్కసారి నడిపిస్తే ఎంత బాగుంటుందో అనుకుంది. పళ్ళు నూరుకుంటూ నిలబడింది. ఇంటికి వెళ్ళాక ఆ కోపం కూడా మిగల్లేదు. నేనే వెంట వెళ్ళి ఉంటే అన్న ఒక్క మాట పట్టుకుని కుమిలిపోయింది. అన్నం సహించడం మానేసింది. చిన్నదాని దారే నాదీ అనుకున్న రోజులున్నాయి. ఎవరితో చెప్పుకుంటుంది? బంధువుతోనా?

బల్ల దగ్గర అవతలి కొసకు కొత్త మనిషిని ఇచ్చారు. పని సాగిపోతూనే ఉంది.

ఒకనాడు టీ తాగి అందరూ మిషన్ల దగ్గరికి తిరిగొస్తుండగా ఆ ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళే మళ్ళీ లోపలికొచ్చారు. ఈసారి బక్కోడి రెక్క పట్టుకున్నారు. ఉతికే మిషన్ల దగ్గర తడి బట్టలు మోసే మనిషి అతను. భార్య పోయి ఏడాది కూడా కాలేదు. ఇంటికి పంపొద్దని దండం పెడుతున్నాడు. ఇస్త్రీ సారు వెనక నిలబడి, నీ మంచికేనయ్యా, విశ్రాంతి తీసుకో అంటున్నాడు. సరిగ్గా అదే మాట. అదే గొంతు.

మడతలక్క చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి వెళ్ళి వాళ్ళకు అడ్డంగా నిలబడింది. బక్కోడి ముఖంలోకి సూటిగా చూసింది. చిన్నదాన్ని ఎవరూ అడగని మాట, తను కూడా అడగని మాట, అందరూ వింటుండగా అడిగేసింది.

"తమ్ముడూ, చచ్చిపోవాలనిపిస్తోందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. అలా అడగొచ్చా అన్నట్టు చూశారు. బక్కోడు మాత్రం, ఎన్నాళ్ళ నుంచో మోస్తున్న మూట ఎవరో పట్టుకున్నట్టు, కింద కూలబడి భోరున ఏడ్చాడు. అవునక్కా అన్నాడు. ఇంట్లో ఎవరున్నారని అడిగితే ఎవరూ లేరన్నాడు. మడతలక్క అతని మణికట్టు పట్టుకుంది. ఇతన్ని గేటు దాటనివ్వను, కావాలంటే నా చెయ్యి నరికి తీసుకెళ్ళండి అంది. సెక్యూరిటీ వాళ్ళు ఇస్త్రీ సారు వైపు చూశారు. అంతలో ఆవిరి చప్పుడు ఆగిపోయింది. బాయిలర్ మావ మీట దించేసి, చేతులు తుడుచుకుంటూ నడిచొచ్చాడు. రోలర్లు నిలిచిపోయాయి. ఆ షెడ్డులో జనం ఒకరి మాట ఒకరు ఇంత స్పష్టంగా విని ఎన్నేళ్ళయిందో.

ముందు మావ చేసిన పని, బక్కోణ్ణి ఇద్దరు మనుషుల్ని తోడిచ్చి లారీలో పెద్దాసుపత్రికి పంపించడం. డాక్టరు చూసేదాకా పక్కన కదలొద్దని, తిరిగొచ్చాక మా ఇంట్లోనే పడుకుంటాడని గట్టిగా చెప్పాడు. లారీ డ్రైవరు ఇస్త్రీ సారు అనుమతి అడగలేదు. అది చూసి జనానికి ధైర్యం వచ్చింది.

ఆ తర్వాత మొదలైంది వాదన. బయటికి జారుకోబోయిన ఇస్త్రీ సారును మధ్యలో నిలబెట్టారు. లోడెత్తే కుర్రాళ్ళు పట్టి తన్నాల్సిందే అన్నారు. ఆ గోడా, ఆ ఫోన్లూ పగలగొడదాం అన్నాడు బాయిలర్ మావ. ఇస్త్రీ మిషను పిల్ల, ఎవరికీ భయపడని గడుసుది, ఆయన మీదే లేచింది. తంతే, పగలగొడితే ఏమొస్తుంది మావా, రేపు పోలీసులొస్తారు, ఎల్లుండి ఇంకో ఇస్త్రీ సారు వస్తాడు అంది. మరి ఊరికే వదిలేద్దామా అని అరిచారు కుర్రాళ్ళు. మాటా మాటా పెరిగింది.

వదిలే పనే లేదంది మడతలక్క. గోడ వైపు చెయ్యి చూపించింది.

"వాళ్ళు రాసిందే వాళ్ళ చేత చేయిద్దాం. అందరం రాద్దాం. అందరికీ ఎర్ర గుర్తు పడనివ్వండి. ఈయన ఒక్కొక్కరి పక్కనా కూర్చుని వినాలి."

ఆలోచన అందరికీ నచ్చింది. కానీ ఎవరో అడ్డుపుల్ల వేశారు. మనకేం చావాలని లేదు కదా, అబద్ధం రాయాలా? అప్పుడు మరకలు తీసే ముసలమ్మ, రోజంతా ఆసుపత్రి దుప్పట్ల రక్తం కడిగే మనిషి, లేచి నిలబడింది. నాకు అబద్ధమాడే అవసరం లేదురా అంది. ఆ వెనకే లోడెత్తే కుర్రాడొకడు తల దించుకుని చెయ్యెత్తాడు. ఇందాక తన్నాలని అందరికంటే గట్టిగా అరిచినవాడే. ఆ తర్వాత ఇంకొకరు. ఇంకొకరు. ఒకే కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, ఒకే బెంచీ మీద టీ తాగేవాళ్ళు, ఎవరికి వారు తమకొక్కరికే అనుకుని దాచుకున్నారు. అది తెలిసేసరికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. చావాలని లేనివాళ్ళు ఆ ముక్కే రాశారు: నాకు చావాలని లేదు, మీరు చంపుతున్నారు. చావు మాట కనబడితే చాలు బంధువుకు, అన్నిటికీ ఎర్ర గుర్తు వేసింది.

సరిగ్గా అప్పుడు ఇస్త్రీ సారు జేబులో ఫోను గుర్రుమంది.

ఆయన జేబు మీద చెయ్యి అదిమాడు. మళ్ళీ గుర్రుమంది. ముసలమ్మ నొక్కితే గుర్రు. కుర్రాడు నొక్కితే గుర్రు. మిషన్లన్నీ ఆగి ఉన్నాయి కాబట్టి ఆ చివరి వాళ్ళకు కూడా వినిపించింది. జేబులో కందిరీగ దూరినట్టు ఆగకుండా మోగుతూనే ఉంది. ఇంటి నుంచి ఫోను అన్నాడాయన. మీ ఇంట్లో ఇంతమంది ఉన్నారా సారూ అంది ఇస్త్రీ మిషను పిల్ల.

ఆఫీసు గదిలో ఆ యాప్ చూసుకునే అమ్మాయి గొడవ విని కిందికొచ్చి మెట్ల మీదే నిలబడిపోయింది. జనం ఆమెను అడిగారు. మొదట నీళ్ళు నమిలింది. ముసలమ్మ ముఖం చూశాక ఉండబట్టలేక చెప్పేసింది. అవతల సలహాదారులంటూ ఎవరూ లేరు. మొదటి నుంచీ లేరు. ఎర్ర గుర్తు పడిన ప్రతి మాటా ఈయన ఫోనుకే వస్తుంది. ఎవరు పనికి పనికిరారో ముందుగా తెలుసుకుని గేటు దాటించడానికి పెట్టిన ఏర్పాటు అది. చావొస్తే షెడ్డులో రాకూడదు, అంతే.

అంటే చిన్నది రాసుకున్న మాట ఈయన చదివాడు. చదివి, తెలిసి తెలిసి ఒంటరిగా పంపాడు. కుర్రాళ్ళు ముందుకురికారు. మడతలక్క చేతులు చాచి ఆపింది. వాళ్ళ దెబ్బలు తప్పించడానికి కాదు. దెబ్బ తిన్నవాడు ఆసుపత్రిలో హాయిగా పడుకుంటాడు. వీణ్ణి అంత తేలిగ్గా వదలదలచుకోలేదు.

కుర్చీ తెప్పించి గోడ కింద వేసింది. కూర్చోమంది. ఎదురుగా ఒక స్టూలు వేసింది. సలహాదారు మాట్లాడేదాకా లేవకూడదని మీరే రాయించారు, సలహాదారే లేడు, మరి మీరెప్పుడు లేస్తారో మీరే చెప్పండి సారూ అంది. షెడ్డంతా గొల్లున నవ్వింది. ఇస్త్రీ సారు కూర్చున్నాడు.

ఒక్కొక్కరే వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ఆయన ప్రతి ఒక్కరినీ అడగాలి, చచ్చిపోవాలని ఉందా అని, కళ్ళలోకి చూసి. చూపు తిప్పితే జనం మళ్ళీ అడగమన్నారు. ముసలమ్మ చెప్పింది. కుర్రాడు చెప్పాడు. కాలిన చేతులు, పడిపోయిన గర్భాలు, పక్కకు రమ్మని పిలిచిన పిలుపులు, అన్నీ ఆయన ముఖం మీదే చెప్పారు. చెప్పి లేచినవాళ్ళ భుజం మీద ఎవరో ఒకరు చెయ్యి వేశారు. నీతో ఇవాళ ఇంటికి ఎవరొస్తున్నారని అడిగి, జతలు కట్టారు. ఆయన చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. మంచినీళ్ళడిగితే ఇచ్చారు. లేస్తానంటే ఒప్పుకోలేదు.

బయట లారీలు బారులు తీరాయి. దుప్పట్లేవని ఆసుపత్రుల నుంచి ఫోన్లు. యజమాని పైనుంచి ఫోను చేసి ఏం కావాలని అడిగాడు. బక్కోడికి జీతంతో సెలవు, షెడ్డులో నిజం డాక్టరు, ఆ యాప్ పీకెయ్యడం, ఎర్ర గుర్తు పేరుతో ఎవర్నీ గేటు దాటించకపోవడం అన్నారు జనం. చిన్నదాని చావుకు ఈయన మీద కేసు కూడా అంది మడతలక్క. యజమాని ఫోను పెట్టేసి పోలీసుల్ని పంపించాడు.

ఇన్‌స్పెక్టరు వస్తూనే అధికారిని నిర్బంధించిన నాయకుడెవరని గర్జించాడు. నేనే అంది మడతలక్క. నేను, నేను అని షెడ్డంతా లేచింది. ఆయన ఆమె రెక్కే పట్టుకున్నాడు. ఆమె పెనుగులాడలేదు. ఇంకా నా వంతు కాలేదు, అది అయ్యాక తీసుకెళ్ళండి అని స్టూలు మీద కూర్చుంది. అన్ని కళ్ళ మధ్య ఇన్‌స్పెక్టరు చెయ్యి తనంత తానే వదులైంది.

ఇన్నేళ్ళలో మొదటిసారి ఇస్త్రీ సారును నువ్వు అంది.

"అడుగు."

ఇస్త్రీ సారు ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. అడుగు అంది మళ్ళీ. చచ్చిపోవాలని ఉందా అని గొణిగాడు.

"ఉండేది. నువ్వు చిన్నదాన్ని గేటు బయటికి తోసిన దగ్గర్నుంచి రోజూ ఉండేది. ఇప్పుడు లేదు. ఇప్పుడు నాకు బతకాలనుంది. నీ అంతు చూసేదాకా బతకాలనుంది."

లేచి, ఇన్‌స్పెక్టరు ముందు తనే నడిచి జీపెక్కింది. జీపు కదిలింది. ఇక అయిపోయిందనుకుని ఇస్త్రీ సారు కుర్చీలోంచి లేవబోయాడు.

ఇస్త్రీ మిషను పిల్ల వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆమె వెనక బాయిలర్ మావ, మావ వెనక గేటు దాకా వరస.

"కూర్చో" అంది షెడ్డంతా.