స్తంభం మీద ఖాళీ పెట్టె

చీపురు చేతిలోనే ఉంది. ఊడ్చిన వీధి వెనకే ఉంది. అయినా మా అత్తయ్య పనికి రాలేదట.

"హాజరుకి ఏడింటి లోపు నీ మొహం ఫోన్లో పడాలి. పడలేదు. ఇవాళ నువ్వు లేవు," అన్నాడు మేస్త్రి.

"లేకపోతే ఎవరితో మాట్లాడుతున్నావురా?"

ఊడ్చేవాళ్లంతా నవ్వారు. నవ్వితే కూలి రాదు. మా వీధిలో సిగ్నల్ డాబా ఎక్కితే వస్తుంది, దిగితే పోతుంది. ఈ నెల అత్తయ్య 'లేని' రోజు ఇది ఐదోది.

మా ఆయన కేబుల్ పనివాడు. ప్రతి ఇంటికీ చవకగా ఇంటర్నెట్ ఇవ్వమని సర్కారు ఒక కాంట్రాక్టరుకి పని అప్పగించింది. వీధికొకటి చొప్పున స్తంభాలకి పెట్టెలు బిగించింది మా ఆయనే. మా వీధి వంతు మా పెళ్లయిన పందొమ్మిదో రోజున వచ్చింది. నేను నిచ్చెన పట్టుకున్నాను. ఆయన దిగి నా ముక్కు మీది దుమ్ము తుడిచాడు. ఆ కాస్తకే రోజంతా గాల్లో తేలాను. పని అయినట్టు ఫొటో పంపాలి. "నువ్వూ నిలబడు," అన్నాడు. పళ్లన్నీ కనబడేలా నవ్వాను. మురిసిపోయి అదే పంపాడు.

వారంలో వైరన్నారు. మూడు నెలలైంది.

అత్తయ్య కూలి పోయిన ఆ మధ్యాహ్నమే, వైరేదని అడగడానికి యాభై మందిమి వార్డు ఆఫీసుకి వెళ్లాం. గుమస్తా ఫైలు మావైపు తిప్పాడు. అందులో నేను, ఇకిలిస్తూ. కింద: 'ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చాం. ప్రజలు సంతోషంగా ఉన్నారు.'

"నువ్వేగా? ఎల్లుండి తనిఖీ సంతకం పడితే, ఇక మీ వీధికి వైరు రాదు."

నా నవ్వు మీద నాకే రోత పుట్టింది.

సాయంత్రం మా వాకిలి నిండింది. "కొత్త కోడలు నవ్వింది, మన కొంప మునిగింది," అంది మిషను కుట్టే వదిన.

"బిగించింది నేను," అన్నాడు మా ఆయన. "పన్నెండు వీధుల్లోనూ ఖాళీవే. వైరు తర్వాతంటే నమ్మాను. తనిఖీకొచ్చే అధికారి ముందే పెట్టె విప్పుతా."

"నీ పని పోతుందిరా," అంది అత్తయ్య.

"పోనీ. నువ్వు ఎదురుగా నిలబడినా లేవంటున్నారు. ఇంకేం మిగిలింది?"

తనిఖీ రోజు అధికారి కారు దిగలేదు. అద్దం దించి, స్తంభం చూసి, పెన్ను తీశాడు. మా ఆయన నిచ్చెనెక్కి పెట్టె విప్పాడు. లోపల కందిరీగల గూడు. అవి సూటిగా కారులోకి దూరాయి.

"కనెక్షన్ వచ్చింది సార్," అంది వదిన.

కారు సంతకం లేకుండానే పారిపోయింది. కారు వెనకే బండి మీద వచ్చిన కాంట్రాక్టరు మనిషి పోలీసులకి ఫోన్ చెయ్యడానికి మా డాబానే ఎక్కాడు. సర్కారు ఆస్తి పాడుచేశాడని మా ఆయన్ని జీపెక్కించారు. ఎక్కేటప్పుడు ఆయన నా ముక్కు వైపే చూశాడు. అక్కడ దుమ్ముందనుకుంటాను. నేను తుడుచుకోలేదు.

మర్నాడు పన్నెండు వీధుల్లో ఒక్క చీపురూ కదల్లేదు. నిచ్చెనలు కదిలాయి. పదింటికి మిగతా పదకొండు పెట్టెలూ మూతలు తెరుచుకుని స్టేషను మెట్ల మీద ఉన్నాయి. రోడ్డు పట్టనంత జనం.

"ఎవరు విప్పారివి?" అని అరిచాడు పోలీసు.

అత్తయ్య ముందుకెళ్లి మొహానికి పట్టిన చెమట తుడుచుకుంది.

"నేను. ఉన్నానని రాసుకో."

ఆమె వెనక వరస కట్టాం, ఒకరి భుజం మీద ఒకరం చెయ్యి వేసుకుని.