తువ్వాలు కింద తేమ

తేజశ్రీ పెళ్లి శుభలేఖలో అన్నిటికన్నా పెద్ద అక్షరాలు పెళ్లికూతురి పేరువి కావు, పెళ్లికొడుకు పేరువీ కావు. 'సెంట్రల్ ఏ.సి.' అన్నవి. మే నెలలో గుంటూరులో పెళ్లి కాబట్టి అక్షరాల సైజు గురించి ఎవరూ తప్పు పట్టలేదు. సెల్‌ఫోన్లలో ఇన్‌కమింగ్ ఫ్రీ అయిన ఏడాది అది. పిలవనివాళ్లు కూడా ఫోన్ చేసి, తప్పకుండా వస్తామని మాటిచ్చారు.

ముహూర్తం ఇంకో గంట ఉందనగా పెళ్లికొడుకు పెదనాన్న యలమంద గారు హాల్లోంచి లేచి వెళ్లి, బయట షామియానా కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయనకి మిర్చి యార్డులో కమీషన్ కొట్టుంది. ఆయన వచ్చి ముందు వరసలో కూర్చోనిదే వాళ్లింట్లో ఎవరూ పీటల మీద కూర్చోరు.

"మా వైపు గాలి రావట్లేదు బావగారూ" అన్నారు, వెనకే వచ్చిన వియ్యంకుడితో.

షామియానా కింద గాలి అసలే లేదు. ఆ సంగతి ఆయన పట్టించుకోలేదు.

పెళ్లికూతురి తండ్రి బాపయ్య గారు ప్రత్తిపాడు రైతు. ఆయన వెళ్లి హాలు మేనేజరు పేరయ్యని పట్టుకున్నారు. పేరయ్య ఏ.సి. మెకానిక్ అష్రఫ్‌ని పిలిచాడు. అష్రఫ్ సంచిలోంచి అరచేతిలో పట్టే మీటరొకటి తీశాడు. దాని కొసన బుల్లి ఫ్యాను ఉంది. గాలి తగిలితే అది తిరిగి, ఎంత జోరుగా వస్తోందో అంకె చూపిస్తుంది. యలమంద గారిని లోపలికి పిలిచి, ఆయన చూస్తుండగా నిచ్చెనెక్కి మగపెళ్లివారి నెత్తిమీద గ్రిల్లు దగ్గర పెట్టాడు. తర్వాత ఆడపెళ్లివారి వైపు పెట్టాడు.

"రెండు వైపులా రెండేనండి. సెకనుకి రెండు మీటర్లు. తేడా లేదు."

"తేడా లేదా?" అన్నారు యలమంద గారు.

"అస్సల్లేదండి."

"మేం మగపెళ్లివాళ్లమయ్యా. తేడా లేకపోతే ఎట్టా?"

ఈ ప్రశ్నకి జవాబు మీటరులో లేదు. అష్రఫ్ ఆడపెళ్లివారి గ్రిల్లుల రేకులు సగం మూశాడు. అటు ఒకటిన్నరకి పడింది, ఇటు రెండున్నరకి ఎక్కింది. మగపెళ్లివారి ఆడవాళ్లు చలికి కొంగులు కప్పుకున్నారు. పెళ్లికూతురి తల్లి సుబ్బరావమ్మ గారు తమవాళ్లకి విసనకర్రలు పంచారు. మర్యాద నిలబడింది.

యలమంద గారు మీటరు చేతిలోకి తీసుకుని తృప్తిగా చూసుకున్నారు. చూస్తూ చూస్తూ ఆగారు.

"ఈ కింద యాభై ఎనిమిదేంటబ్బాయ్?"

"తేమ సార్. గాల్లో తేమ శాతం."

అష్రఫ్ ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"యాభై ఎనిమిదా! పన్నెండు దాటితే నేను మిర్చి బస్తా గుమ్మంలోకి రానివ్వను. ఇందులో మనుషుల్ని కూర్చోబెడతారా?"

"కాయలో తేమ వేరండి, గాల్లో తేమ వేరు. గాల్లో యాభై, అరవై మధ్య ఉంటేనే మనిషికి హాయి."

"పుట్టిన కాడ్నుంచీ తేమ చూస్తన్నా, నాకు చెప్తావా?" యలమంద గారు గాలిని గుప్పెడు పట్టి నలిపారు. వేళ్లు రాసి చూసుకున్నారు. "తడి సరుకు" అన్నారు. "పన్నెండుకి దించండి. అప్పుడొస్తా."

మళ్లీ షామియానా కిందికి వెళ్లిపోయారు. ఈసారి పెళ్లికొడుకుని కూడా తీసుకెళ్లారు.

"పన్నెండంటే ఎడారండీ" అన్నాడు అష్రఫ్. "ఈ మిషన్లు మూడు పెట్టినా రాదు. వస్తే మాత్రం పూలదండలు అప్పడాలవుతాయి."

పంతులు గారు గడియారం చూసుకుని గొంతు సవరించుకున్నారు. సన్నాయి వాళ్లు వాయించిందే మళ్లీ వాయిస్తున్నారు.

"ఏవండీ, ముహూర్తం దాటిపోతే మళ్లీ శ్రావణం దాకా లేవంటున్నారు పంతులుగారు" అన్నారు సుబ్బరావమ్మ గారు. "పిల్ల గంట నుంచీ గౌరీదేవి ముందే కూర్చునుంది. ఏదో ఒకటి చెయ్యండి."

బాపయ్య గారు ఏళ్ల తరబడి యార్డులో కాయలమ్మిన మనిషి. తేమ మీద వాదించి గెలిచిన రైతుని ఇంతవరకూ చూడలేదు. బేరమాడి బయటపడ్డవాళ్లని చూశారు. ఆయన షామియానా కిందికి వెళ్లి, యలమంద గారి పక్కన కూర్చుని, భుజం మీద తువ్వాలు తీసి తన కుడిచేతి మీద కప్పుకుని ముందుకి చాపారు.

యార్డులో పాతకాపులు అంకెలు నోటితో చెప్పరు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని చెప్తారు. యలమంద గారి చెయ్యి ఆయన్ని అడక్కుండానే తువ్వాలు కిందికి వెళ్లిపోయింది.

ఇద్దరూ చెరో దిక్కు చూస్తూ కూర్చున్నారు. తువ్వాలు కదిలింది.

"మరీ అంతా? సరుకు చూసే మాట్లాడుతున్నారా బావగారూ?" అన్నారు యలమంద గారు.

"చూశానండీ. తాజా సరుకు. పొద్దున్నే ఆన్ చేశారు."

తువ్వాలు మళ్లీ కదిలింది.

"నా వల్ల కాదు. నాక్కూడా మా వాళ్లకి మొహం చూపించాలిగా."

"ఆడపిల్ల తండ్రిని. నా మొహం చూసి ఇంకో రెండు."

యలమంద గారు పెద్దగా నిట్టూర్చి చెయ్యి బయటికి తీశారు. లేచి తమ వాళ్లందరికీ వినపడేలా చెప్పారు.

"ముప్ఫైకి తెగ్గొట్టా. యాభై ఎనిమిది చెప్పారు!"

మగపెళ్లివారు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దాదాపు సగానికి దించాడు, పెద్దాయన పెద్దాయనే అనుకున్నారు. అందరూ లోపలికి నడిచారు. యలమంద గారు గ్రిల్లు కింద కూర్చుని ఊపిరి గట్టిగా పీల్చారు.

"ఇప్పుడు చూడండి, ఎంత పొడిగా ఉందో."

"నాకైతే గొంతే ఆరిపోతోందన్నయ్యా" అంది ఆయన చెల్లెలు, మంచినీళ్లు తెమ్మని చెయ్యి ఊపుతూ.

తాళి ముహూర్తానికే పడింది. అక్షింతలు వేసే హడావుడిలో అష్రఫ్ మీటరు తీసి చూశాడు. జనం నిండారు కాబట్టి అరవై ఒకటి చూపిస్తోంది. దాన్ని సంచిలో పెట్టేసి జిప్పు లాగాడు.

పేరయ్య అతని దగ్గరికొచ్చి చెవిలో అడిగాడు.

"అష్రఫూ, రేపటి పెళ్లి కూడా యార్డు వాళ్లదే. తేమ ఎంతని అడిగితే ఏం చెప్పమంటావ్?"

అష్రఫ్ సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"డెబ్బై చెప్పండి. ఎటూ దింపుతారుగా."